మైనస్ నంబర్‌కి రైట్ షిఫ్టా, భాగారమా: డీబగ్గర్‌లో ఏది మేలు?

అనంతపురంలో మే నెలలో టెంపరేచర్ సెన్సర్ కోడ్ టెస్ట్ చేస్తే ఎట్లా రాసినా కరెక్ట్‌గానే కనపడ్తాది, ఇక్కడ రీడింగ్ 40 దాటుతాదే గానీ సున్నా కిందికి యాడ పోతాది? అదే సెన్సర్‌ని ఐస్‌క్రీం ఫ్రీజర్లో పెడితే అప్పుడు బయటపడ్తాది అసలు సంగతి.

ప్రాజెక్టుల్లో పిల్లోళ్లు బాగా వాడే డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సర్‌నే తీసుకోండి. అది డిగ్రీలో పదహారో వంతు లెక్కన 16 బిట్లలో ఇస్తాది. -10.125 డిగ్రీలకి దాని డేటాషీట్‌లో ఉన్న బిట్లు 1111 1111 0101 1110, అంటే సైన్డ్‌గా (ప్లస్, మైనస్ గుర్తుతో) చూస్తే -162.

డిగ్రీలు కావాలంటే దీన్ని 16తో భాగించాల, లేదా బిట్లన్నిట్నీ 4 స్థానాలు కుడికి జరపాల, దాన్నే రైట్ షిఫ్ట్ అంటారు. ఇప్పుడు జీడీబీ అనే డీబగ్గర్‌లో దీన్ని 4 బిట్లు రైట్ షిఫ్ట్ చేసి ప్రింట్ కొట్టండి. వేరియబుల్ అన్‌సైన్డ్ (మైనస్ లేని రకం) అయితే 4085 వస్తాది. డీబగ్గర్ తప్పేం లేదప్పా, అన్‌సైన్డ్ అని చెప్పినాం కాబట్టి పైనుంచి సున్నాలు నింపింది, మైనస్ పోయింది. షార్ట్‌గా (16 బిట్ల సైన్డ్ రకంగా) కాస్ట్ చేసి, అంటే ఆ రకంగా మార్చి, షిఫ్ట్ చేస్తే పైన ఒకట్లు నిండి -11 వస్తాది. కాస్ట్ చేసి 16తో భాగిస్తే -10. మూడు పద్ధతులు, మూడు జవాబులు.

-11కీ -10కీ తేడా ఎందుకంటే షిఫ్ట్ ఎప్పుడూ కిందికే దిగుతాది, సీలో భాగారం సున్నా వైపుకి కోసేస్తాది. కంపైలర్ 16తో భాగారాన్ని షిఫ్ట్‌గా మార్చేటప్పుడు కూడా ఊరికే మార్చదు, నంబర్ మైనస్ అయితే ముందు 15 కలుపుతాది: -162కి 15 కలిపితే -147, దాన్ని 4 బిట్లు షిఫ్ట్ చేస్తే -10. చేత్తో సరిచేయాలన్నా ఇదే పద్ధతి.

నన్నడిగితే డీబగ్గర్‌లో విలువ చూడ్డానికి షిఫ్టే వద్దు, షార్ట్‌గా కాస్ట్ చేసి 16.0తో భాగించండి, -10.125 నేరుగా కనపడ్తాది. కోడ్‌లో మాత్రం పనిని బట్టి. ఫ్రీజర్ కంట్రోల్ లాంటివాటికి నాకు షిఫ్టే నచ్చుతాది, ఎందుకంటే పూర్ణాంక భాగారంలో -0.9 కూడా 0, +0.9 కూడా 0 అయిపోయి సున్నా దగ్గర మెట్టు రెండింతలు వెడల్పు అవుతాది, షిఫ్ట్‌లో మెట్లన్నీ సమానం.

ఒక్కటి చూసుకోండి, మైనస్‌కి రైట్ షిఫ్ట్ ఎట్లా చేయాలనేది సీ భాష కంపైలర్‌కే వదిలేసింది, జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు సైన్ బిట్‌ని (మైనస్ అని చెప్పే పై బిట్‌ని) కాపాడతాయి. మైనస్‌కి లెఫ్ట్ షిఫ్ట్ (ఎడమకి జరపడం) అయితే సీలో అన్‌డిఫైన్డ్, అంటే ఏమొస్తాదో గ్యారంటీ లేదు, సీ++20లోనే రెండూ ఖాయం అయినాయి, అందుకే సీలో మైనస్ నంబర్‌ని పెంచాలంటే 16తో గుణించండి చాలు.