కేజీఎఫ్ వెళ్తే రాత్రి ఉండాలా, సాయంత్రానికి వచ్చేయాలా?

బెంగళూరులో పదకొండేళ్లుగా ఉంటున్నా, వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న కేజీఎఫ్, అంటే కోలార్ బంగారు గనుల ఊరు, ఎప్పుడూ చూడలేదు. మొన్న శుక్రవారం సెలవు పెట్టి, నేనూ మా బావా కేఆర్ పురంలో మారికుప్పం రైలెక్కాం. కూర్చోవడానికి సీట్లు బాగానే దొరికాయి. కానీ ఎదురుగా బెంగళూరు వచ్చే బండి చూస్తే కాలు పెట్టే సందు లేదు, అందరూ పనులకొస్తున్నవాళ్లే. పాడుబడ్డ ఊరని విని బయల్దేరాం గానీ, పాడుబడింది గని, ఊరు కాదు.

రైలు దిగగానే ఆటో మాట్లాడుకోండి, ముందే బేరం తేల్చుకోండి, మేం తేల్చుకోక రెట్టింపు ఇచ్చాం. షాఫ్టుల (గనిలోకి నిలువుగా దిగే బావుల) దగ్గరికి పోనివ్వరు, గేటు దగ్గరే ఆపేస్తారు. వాచ్‌మన్‌తో వాదించకండి, ఆయన చేసేది సరైన పనే, లోపల పాత గోతులున్నాయి. సైనైడ్ దిబ్బలు మాత్రం రోడ్డు మీంచే కనిపిస్తాయి. బంగారం తీశాక మిగిలిన పిండిరాయి అది, కొండలంత పేరుకుపోయింది. గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్ల మీదికొస్తుంది, అక్కడి ఆడవాళ్లు ఆ విషయం చెప్తుంటే దిబ్బ ముందు ఫోటో దిగాలనిపించలేదు.

చాంపియన్ రీఫ్ అనే పాత గని దగ్గర ఒక టీ కొట్టులో మా మాటలు విని ఒక పెద్దాయన "చిత్తూరు వైపా బాబూ మీది?" అని తెలుగులో పలకరించాడు. వాళ్ల నాన్న ఆ వైపు నుంచే వచ్చి గనిలో చేరాడట, తర్వాత ఈయన. ఇక్కడ ఎక్కువమంది తమిళులు, మనవాళ్లూ తక్కువేం కాదు. కేజ్‌లో, అంటే లిఫ్టు లాంటి ఇనుప బోనులో, గనిలోకి దిగేవాళ్లట, కిందికి పోయేకొద్దీ రాయే వేడెక్కుతుంది, చలికాలంలోనూ ఒళ్లంతా చెమటే. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల పైచిలుకు లోతు. అంత లోతులో బరువుకి రాయి పేలితే పైన ఇళ్లలో గిన్నెలు కదిలేవట. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చాడు, మా టీ చల్లారిపోయింది.

1880లో జాన్ టేలర్ అనే బ్రిటిష్ కంపెనీ వచ్చాక గనులు ఊపందుకున్నాయి. 1902లోనే కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి ఇక్కడికి కరెంటు వచ్చింది, బెంగళూరు వీధి దీపాలకన్నా మూడేళ్లు ముందు. 1956లో ప్రభుత్వం చేతికొచ్చింది, 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. దొరలకు బంగళాలు, కూలీలకు లైన్లలో (వరస ఇళ్లలో) ఒక్కో గది. ఆ గదుల్లో ఇప్పటికీ కుటుంబాలు ఉంటున్నాయి, దయచేసి తలుపుల్లోకి కెమెరాలు పెట్టకండి.

బస సంగతి. మేం రాత్రి ఉండి తప్పు చేశాం. లాడ్జిలో నీళ్లు పొద్దున ఆరింటికే అయిపోయాయి, దుప్పటి మార్చమంటే మార్చలేదు. పిల్లలతో వెళ్తే మాత్రం అసలు వద్దు, సాయంత్రం రైలుకి వచ్చేయండి. భోజనానికి ఇబ్బంది లేదు, బజారులో బిర్యానీ బాగుంది. తిరిగొచ్చేటప్పుడు బంగారుపేటలో దిగి అక్కడి తెల్లనీళ్ల పానీపూరీ తినండి. ఇంకొంచెం టైముంటే కమ్మసంద్రంలోని కోటిలింగేశ్వర గుడి దగ్గరే.

ఈసారి మా నాన్నని తీసుకెళ్తాను. ఆ పెద్దాయన మళ్లీ రమ్మన్నాడు, తన పాత టోపీ దీపం వెతికి పెడతానన్నాడు.