స్టేషన్ వైఫై, వీపీఎన్, సొంత డేటా: డబ్బు పనికి ఏది మేలు?

మొన్న ఓ పెద్ద జంక్షన్‌లో రాత్రి రైలు కోసం కూర్చున్నాం. మనవడి హాస్టల్ ఫీజు కట్టాలని మా పెద్దమ్మ ఫోన్ తీసింది. చూస్తే డేటా అయిపోయింది. వైఫై తెరిస్తే దాదాపు ఒకేలాంటి పేర్లు రెండు కనిపించాయి, ఒకదాని చివర 'ఫ్రీ' అని ఉంది. అది నొక్కగానే వచ్చిన పేజీ మొబైల్ నంబరు అడిగి ఊరుకోలేదు, జీమెయిల్ పాస్‌వర్డ్ కూడా కొట్టమంది. "పెద్దమ్మా, ఆగు" అని ఫోన్ తీసేసుకున్నాను.

స్టేషన్లలో రైల్వే వాళ్ల సంస్థ రైల్‌టెల్ ఇచ్చే వైఫైకి మొబైల్ నంబరు, దానికొచ్చే ఓటీపీ చాలు. మెయిల్ పాస్‌వర్డ్‌తో దానికేం పని? పక్క బెంచీ మీద కూర్చున్నవాడు కూడా తన హాట్‌స్పాట్‌కు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. కాబట్టి పేరు చూసి నమ్మడానికి లేదు.

అలాగని పబ్లిక్ వైఫై అంటేనే హడలిపోనక్కర్లేదు. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న బ్రౌజర్ యాడ్-ఆన్ వచ్చింది. ఒకే వైఫైలో ఉన్నవాళ్ల ఫేస్‌బుక్ ఖాతాల్లోకి దానితో ఎవరైనా దూరగలిగేవారు. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్‌లోకి, అంటే మధ్యలోవాళ్లు చదవలేని రహస్య లిపిలోకి మారింది. మనం ఏ సైటుకు వెళ్తున్నామో వైఫై నడిపేవాడికి తెలియొచ్చు గానీ, అందులో ఏం చదివామో, ఏం టైప్ చేశామో తెలియదు. వార్తలు చదువుకోవడానికి, రైలు ఎక్కడుందో చూసుకోవడానికి భేషుగ్గా సరిపోతుంది. 'ఈ సైటు సురక్షితం కాదు' అని బ్రౌజర్ హెచ్చరిస్తే మాత్రం అక్కడితో ఆపేయండి.

వీపీఎన్ పెట్టుకుంటే, అంటే మన నెట్ రాకపోకలన్నీ గుప్తంగా తన సర్వర్ మీదుగా పంపే యాప్ పెట్టుకుంటే చాలదా అంటారు. అది వైఫై వాడి కళ్లు కప్పుతుంది, నిజమే. కానీ అప్పుడు మన రాకపోకలన్నీ వీపీఎన్ కంపెనీ చేతిలో ఉంటాయి. ఊరూపేరూ లేని ఉచిత వీపీఎన్‌ను ఏం చూసి నమ్మాలి? పైగా నకిలీ పేజీలో మన పాస్‌వర్డ్ మనమే కొట్టేస్తే ఎంత ఖరీదైన వీపీఎన్ అయినా ఆపలేదు. ఆఫీసు వాళ్లిచ్చిన వీపీఎన్ ఉంటే ఆఫీసు పనికి వాడుకోండి.

డబ్బు పనికి నా ఓటు సొంత సిమ్ డేటాకే. మధ్యలో ముక్కూమొహం తెలియని వైఫై ఉండదు, లాగిన్ పేజీ ఉండదు. డేటా ఖర్చవుతుంది, కొన్ని హోటల్ గదుల్లో సిగ్నల్ అందదు, అది ఒప్పుకోవాల్సిందే. అలాంటప్పుడు బయటికొచ్చి కట్టండి, లేదా ఇంటివాళ్ల హాట్‌స్పాట్ అడగండి. ల్యాప్‌టాప్‌కైతే నేను యూఎస్‌బీ కేబుల్‌తోనే నెట్ ఇస్తాను, ఫోన్ చార్జింగూ ఎక్కుతుంది. పొరపాటున డబ్బు పోతే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆ రాత్రి నా హాట్‌స్పాట్ మీదే పెద్దమ్మ ఫీజు కట్టింది. తర్వాత ఆవిడ ఫోన్‌లో ఆ 'ఫ్రీ' పేరు మీద నొక్కి 'ఫర్గెట్' కొట్టాను. లేకపోతే ఆ పేరు మళ్లీ ఎక్కడ తగిలినా ఫోన్ తనంతట తానే కలిసిపోతుంది.