చిన్న దూరాలకు డీజిల్ పికప్: ఏళ్ల తరబడి వాడాక

డబుల్ క్యాబ్ (రెండు వరుసల సీట్లున్న) డీజిల్ పికప్‌ను చాలా ఏళ్లుగా రోజువారీ బండిగా వాడుతున్నాను. పిల్లల్ని బడిలో దింపడం, సరుకులు తేవడం, ఆఫీసుకు వెళ్లడం, అప్పుడప్పుడూ సిమెంటు బస్తాలనో పాత బీరువానో వెనక తొట్టిలో వేసుకుని రావడం. చాలాసార్లు బండి నాలుగైదు కిలోమీటర్లు నడవగానే ఇంజిన్ ఆపేస్తాను. ఈ బండంటే నాకు చాలా ఇష్టం. అయినా కొనాలనుకునేవాళ్లకు ముందే చెప్పేస్తాను: మీ తిరుగుడంతా ఇలాంటి చిన్న దూరాలే అయితే, వారానికి ఒక్కసారైనా అరగంట పాటు ఇంజిన్ వేడి మీద పరుగెత్తే దారి మీకు లేకపోతే, డీజిల్ పికప్ జోలికి వెళ్లకండి.

పెద్ద బండి కదా, సందుల్లో తిప్పడం కష్టం, పార్కింగ్ దొరకదు అని చాలామంది హెచ్చరిస్తారు. నిజమే. డబుల్ క్యాబ్ పికప్ పొడవు సుమారు 5.3 మీటర్లు, వెనక్కి తిప్పుకోవాలంటే పన్నెండు మీటర్ల వెడల్పు కావాలి. కానీ వెనక కెమెరా ఉంటే కొన్ని వారాల్లో చేతికి అలవాటైపోతుంది. ఎన్నేళ్లు నడిపినా అలవాటు కానిది ఇంజిన్‌కు వేడి చాలకపోవడం. మిగతా కష్టాలన్నీ దాని నుంచే వస్తాయి.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పీల్చుకున్న గాలిని పదిహేను పదహారో వంతుకు నొక్కేస్తే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజిన్‌ను పరీక్షకు పెట్టినప్పుడు ఇంధనంలోని శక్తిలో సుమారు 26 శాతం పనిగా మారింది. మామూలు ఆవిరి యంత్రాలు అందులో సగం కూడా అందుకోలేని రోజులవి. ఇంధనాన్ని వృథా చేయని ఈ గుణమే చిన్న దూరాల్లో అడ్డం తిరుగుతుంది. వృథాగా పోయే వేడి తక్కువ కాబట్టి ఇంజిన్ తొందరగా వేడెక్కదు. దానికి తోడు ఇంజిన్ బ్లాకు, అంటే ఇనుప దిమ్మ, బరువైనది, లోపల ఆయిల్ కూడా ఎక్కువ. నా బండిలాంటి వాటిలో ఏడెనిమిది లీటర్లు పడుతుంది, ఇంకా పెద్ద పికప్‌లలో పన్నెండు లీటర్ల దాకా ఉంటుంది. అదంతా కాగాలి.

మీటర్‌లో టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చింది కదా, వేడెక్కినట్టేనని చాలామంది అనుకుంటారు. ఆ ముల్లు చూపించేది రేడియేటర్ నీళ్ల వేడి. ఆయిల్ దానికంటే చాలా నిమిషాలు వెనకబడి ఉంటుంది. నేను ఓబీడీ పోర్టుకు, అంటే మెకానిక్ స్కానర్ తగిలించే చోట, చిన్న రీడర్ పెట్టుకుని ఫోన్‌లో ఆయిల్ వేడి చూస్తుంటాను. చల్లటి ఉదయం బడి దగ్గరికి చేరేసరికి నీళ్లు కాగి ఉంటాయి, ఆయిల్ మాత్రం 50 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంటుంది. అది 90 దాటితే తప్ప అందులో చేరిన తడి ఆవిరైపోదు. ఈ తడి ఎంతంటే, లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. వేడి మీద ఉన్న ఇంజిన్‌లో అదంతా ఆవిరిగా సైలెన్సర్ దాటి వెళ్లిపోతుంది. చల్లటి ఇంజిన్‌లో కొంత ఆయిల్‌లో కలుస్తుంది, కొంత సైలెన్సర్ లోపలే నీరై నిలిచి దాన్ని లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది.

ఇప్పటి డీజిల్ బండ్లలో అసలు తలనొప్పి డీపీఎఫ్, అంటే మసిని పట్టి ఉంచే ఫిల్టర్. అమెరికాలో 2007 నుంచి, యూరప్‌లో యూరో 5 కాలుష్య నిబంధనలతో, భారత్‌లో 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అమల్లోకి వచ్చాక కొత్త డీజిల్ బండ్లలో ఇది దాదాపు తప్పనిసరి అయింది. లోపల తేనెపట్టు లాంటి పింగాణీ గొట్టాలుంటాయి. పొగలోని మసి వాటి గోడలకు అంటుకుంటుంది. బండి లోడుతో హైవే మీద వెళ్తుంటే పొగ వేడికే ఆ మసి నెమ్మదిగా కాలిపోతూ ఉంటుంది. చిన్న దూరాల్లో ఆ వేడి రాదు. మసి పేరుకుంటూ పోయి ఒక హద్దు దాటగానే బండి కంప్యూటర్ రంగంలోకి దిగుతుంది. సిలిండర్‌లో ఇంధనం మండిపోయాక కాస్త అదనంగా డీజిల్ చల్లి, అది పొగ గొట్టంలో మండేలా చేసి ఫిల్టర్‌ను 600 డిగ్రీల దాకా వేడి చేస్తుంది. దీన్నే రీజెన్ అంటారు. పని పూర్తవడానికి పది నుంచి ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. అన్ని బండ్లూ ఇలాగే చేయవు, కొన్నింటికి పొగ గొట్టంలోనే విడిగా ఇంజెక్టర్ ఉంటుంది.

రీజెన్ మొదలైన రెండో నిమిషానికే మీరు కూరగాయల దుకాణం ముందు ఆపి తాళం తీసేస్తే ఏమవుతుంది? ఫిల్టర్‌లోని మసి కాలడం మధ్యలోనే ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేశాక మొదటి నుంచి వేడెక్కాలి. మళ్లీ ఆపేస్తారు. ఈ లోపు సిలిండర్‌లోకి అదనంగా చల్లిన డీజిల్ అంతా మండదు కదా, కొంత గోడల వెంట కారి కింద ఆయిల్‌లో కలుస్తుంది. పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోల్ కలిసినా కాస్త దూరం వెళ్తే ఆవిరైపోతుంది. డీజిల్ 180 నుంచి 360 డిగ్రీల మధ్య మరిగే ఇంధనం. మామూలుగా ఆయిల్ ఎక్కే వేడికి అది బయటికి పోదు, అక్కడే ఉండి ఆయిల్‌ను పలచబరుస్తుంది. బయోడీజిల్ కలిసిన ఇంధనమైతే ఇంకాస్త మొండిగా ఉండిపోతుంది.

అందుకే నేను డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూసే పద్ధతే మారింది. పాత ఇంజిన్లలో ఆయిల్ తగ్గిందేమోనని చూసేవాళ్లం. ఇప్పుడు పెరిగిందేమోనని చూస్తాను. పై గీత దాటి పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టి ఆయిల్ మార్చేయాల్సిందే. మరీ ఎక్కువైతే ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా లాక్కుని, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. బండి పుస్తకంలో 'తీవ్ర వాడకం' అనే భాగం చదవండి. చిన్న దూరాల తిరుగుడు అందులోకే వస్తుంది, దానికి ఆయిల్ గడువు బాగా తక్కువ రాస్తారు. ఆయిల్ కూడా డీపీఎఫ్ బండ్లకు చెప్పిన రకమే పోయాలి. మామూలు ఆయిల్‌లోని రసాయనాలు కాలితే ఎక్కువ బూడిద మిగులుతుంది. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

రీజెన్ జరుగుతోందని చాలా బండ్లు చెప్పవు. నాకు తెలిసే గుర్తులు ఇవి: సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ మామూలు కంటే కాస్త పైన, వెయ్యి ఆర్‌పీఎమ్‌కు (నిమిషానికి వెయ్యి చుట్లకు) దగ్గరగా తిరుగుతుంది. ఆటోమేటిక్‌గా ఇంజిన్ ఆగే సదుపాయం పనిచేయదు. మీటర్‌లో అప్పటికప్పుడు చూపించే మైలేజీ ఒక్కసారిగా పడిపోతుంది. తాళం తీశాక కూడా ఫ్యాన్ జోరుగా తిరుగుతూనే ఉంటుంది, ఘాటైన వేడి వాసన వస్తుంది. ఇలా అనిపిస్తే నేను ఇంటి ముందు నుంచి తిన్నగా వెళ్లిపోయి, ఊరి బయట ఒక చుట్టు చుట్టి, ఇంజిన్ మామూలు వేగానికి వచ్చాకే ఇంటికి తిరిగొస్తాను. ఆ సమయంలో ఎండుగడ్డి మీద మాత్రం బండి ఆపకండి. కింద గొట్టం వేడికి నిప్పు అంటుకోవచ్చు.

ఈ గోలంతా ఎందుకు, ఫిల్టర్ తీయించేస్తే పోలా అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం, ఇది మొదటి మాట. రెండోది నాకు ఇంకా ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా, మొదటి వర్గంలో చేర్చింది. రోజూ బడి గేటు ముందు ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని ఆగే బండి నాది. సైలెన్సర్ ఎత్తు, అక్కడ నిలబడే పిల్లల ముఖాల ఎత్తు చూస్తే ఆ ఫిల్టర్ విలువ తెలుస్తుంది. దాని కోసం వారానికో అరగంట నడపడం నాకు భారం అనిపించలేదు.

ఆ అరగంట ఎలా నడపాలన్నదీ తెలియాలి. న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కి రైజ్ చేస్తే మసి ఊడిపోతుందనే నమ్మకం ఒకటుంది. లోడు లేని ఇంజిన్ తక్కువ ఇంధనమే కాలుస్తుంది, పొగలో వేడి రాదు. ఖాళీ రోడ్డు మీద ఒక గేరు తగ్గించి, రెండు వేల ఆర్‌పీఎమ్ పైన నిలకడగా ఇరవై ముప్పై నిమిషాలు వెళ్లాలి. విపరీతమైన వేగం అక్కర్లేదు, ఆగకుండా వెళ్లడం ముఖ్యం. ఉదయం పూట ఇంజిన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలేయడం కూడా మేలు చేయదు. ఊరికే తిరిగే డీజిల్ ఇంజిన్ పొగ 150 డిగ్రీలు దాటడం కష్టం, మసి మాత్రం పేరుకుంటుంది. నేను అర నిమిషం ఆగి కదిలిపోతాను, ముల్లు పైకి వచ్చేదాకా యాక్సిలరేటర్ మెత్తగా తొక్కుతాను.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన అలవాటు పనుల వరుస మార్చడం. బడి, బ్యాంకు, సరుకులు వేర్వేరు వేళల్లో కాకుండా ఒకే విడతలో పెట్టుకుంటాను. అందులోనూ అన్నిటికంటే దూరమైన పని ముందు. అక్కడికి చేరేసరికి ఇంజిన్ పూర్తిగా కాగుతుంది. ఇంత పెద్ద ఇనుప ముద్ద చల్లారడానికి గంటలు పడుతుంది కాబట్టి వెనక్కి వస్తూ చేసే చిన్న ఆపులన్నీ వేడి ఇంజిన్‌తోనే జరిగిపోతాయి. ఇలా మొదలుపెట్టాక రీజెన్‌ల మధ్య దూరం పెరగడం రీడర్‌లో స్పష్టంగా చూశాను.

బ్యాటరీ సంగతి తక్కువ మందికి తెలుసు. గ్లో ప్లగ్‌లు (స్టార్టింగ్‌లో సిలిండర్ లోపల వేడి పుట్టించే కడ్డీలు), సెల్ఫ్ మోటారు కలిపి ప్రతి స్టార్టింగ్‌కూ వందల ఆంపియర్లు లాగుతాయి. ఐదు నిమిషాల ప్రయాణంలో ఏసీ, లైట్లు నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ అదంతా తిరిగి నింపలేదు. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు ఉండాల్సింది 12.3 చూపిస్తే, ఆ రాత్రి చార్జర్ తగిలిస్తాను. నీరసించిన బ్యాటరీతో కొన్ని బండ్లు రీజెన్ మొదలుపెట్టడానికే నిరాకరిస్తాయి.

పొగలోని విషవాయువులు (నైట్రోజన్ ఆక్సైడ్లు) తగ్గించడానికి యూరియా ద్రావణం వాడే బండి అయితే ఇంకో మాట. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. పొగ సుమారు 200 డిగ్రీలకు చేరాకే దాన్ని చల్లడం మొదలవుతుంది, కాబట్టి చిన్న దూరాల్లో ఖర్చయ్యేది కొంచెమే. ట్యాంకు నిండా పోసుకుంటే నెలల తరబడి అలాగే ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో అది నిలిచేది ఏడాది, 35 డిగ్రీల్లో ఆరు నెలలే. వేడి ప్రాంతాల్లో తక్కువ తిరిగేవాళ్లు సగం ట్యాంకే పోయించుకోవడం మంచిది. చలి ప్రాంతాల్లో మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, ట్యాంకులో హీటరు ఉంటుంది కాబట్టి దానికి కంగారు పడక్కర్లేదు.

నడపడంలో సుఖం గురించి కూడా చెప్పాలి. 1500 ఆర్‌పీఎమ్ దాటగానే వచ్చే లాగుడు, నిండా లోడున్నా ఎత్తు ఎక్కేటప్పుడు గేరు మార్చక్కర్లేని నిబ్బరం, ఎత్తైన సీటు, గుంతల దారిలో ధైర్యం, వీటికి నేను ఈరోజుకీ ముచ్చటపడతాను. ఖాళీ బండికి మాత్రం వెనక కమాన్ పట్టీలు బిగుసుకుని ఉంటాయి, వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ఎగిరెగిరి పడతారు. డోరు పక్కన అంటించిన పట్టికలో ఖాళీకి, లోడుకు వేర్వేరుగా గాలి లెక్క రాసి ఉంటుంది. ఖాళీ లెక్క ప్రకారం వెనక టైర్ల గాలి తగ్గిస్తే చాలా తేడా వస్తుంది. తడి రోడ్డు మీద మలుపుల్లో తోక పక్కకు జారే గుణం ఉంది, నెమ్మదిగా తిప్పాలి. మైలేజీ విషయంలో ఆశ పెట్టుకోకండి. లీటరు డీజిల్‌లో పెట్రోల్ కంటే పది పదిహేను శాతం ఎక్కువ శక్తి ఉన్న మాట నిజమే, కానీ చల్లటి ఇంజిన్, తరచూ వచ్చే రీజెన్, రెండు టన్నుల బరువు కలిసి ఆ లాభాన్ని తినేస్తాయి.

నాకు వారాంతాల్లో లోడు పనులు, దూర ప్రయాణాలు ఉన్నాయి కాబట్టే ఈ బండి ఇన్నేళ్లు ఆరోగ్యంగా ఉంది. అవి లేకపోతే పిల్లల్ని దింపడానికి చిన్న పెట్రోల్ కారో ఎలక్ట్రిక్ బండో తీసుకుని, లోడు ఉన్న రోజు పికప్ అద్దెకు తెచ్చుకునేవాణ్ణి.

పాతది కొనేవాళ్లు కిలోమీటర్లు ఒక్కటే చూసి బేరం ఆడకండి. చాలా పికప్‌ల మీటర్‌లోనో, మెకానిక్ దగ్గరి స్కానర్‌లోనో ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో కనిపిస్తుంది. కిలోమీటర్లను ఆ గంటలతో భాగించండి. 60,000 కిలోమీటర్లకు 3,000 గంటలు ఉంటే సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లు, అంటే బండి జీవితమంతా సందుల్లో, సిగ్నళ్ల దగ్గర గడిచింది. అదే 1,200 గంటలైతే సగటు 50, వేడి మీద పరుగెత్తిన ఇంజిన్ అది. స్కానర్‌లో ఫిల్టర్ మసి, బూడిద లెక్కలు, చివరి రీజెన్‌లు పూర్తయ్యాయా మధ్యలో ఆగాయా అన్నది కూడా అడిగి చూడండి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. రెండు బండ్లు పక్కపక్కన పెడితే, లక్ష కిలోమీటర్లు దాటినా సగటు 50 ఉన్నదాన్నే నేను ఎంచుకుంటాను.