వానలో చదివిన రెండు నవలలు: దిండి, కోరంగి, రాజమహేంద్రవరం

భయానక చిత్రాలకు తరతరాలుగా ముడిసరుకు అందించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’, ‘డ్రాక్యులా’ నవలలను వానాకాలంలో గోదావరి ఒడ్డున కూర్చుని చదవాలని చాలాకాలంగా కోరిక. మొన్న శ్రావణంలో, ఆ సినిమాలన్నీ చూసి నవలలు మాత్రం ముట్టని మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని మూడు రోజులు తిరిగి వచ్చాను.

తొలి రాత్రి దిండి దగ్గర ఒక ప్రైవేటు బసలో దిగాం. వరండా ముందే గోదావరి పాయ వశిష్ఠ ఎర్రనీటితో నిండుగా పారుతోంది; చదువుకోవడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. గది సంగతి వేరు. మంచం పక్కనే కప్పు కారుతోందని రెండుసార్లు చెప్పినా, బకెట్టు పెట్టి వెళ్ళిపోయారే తప్ప గది మార్చలేదు. వంట మాత్రం బాగుంది, ముఖ్యంగా పనసపొట్టు కూర.

వాన ఆగకపోవడమే మాకు కలిసివచ్చింది. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పుట్టింది కూడా ఇలాంటి వానలోనే. 1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలై ఎగజిమ్మిన ధూళి వల్ల మరుసటి ఏడు యూరప్‌లో వేసవే లేకుండా పోయింది. జెనీవా సరస్సు ఒడ్డున వానకు ఇంట్లో చిక్కుకుపోయిన మిత్రులతో, తలా ఒక దయ్యం కథ రాద్దామని ఇంగ్లీషు కవి బైరన్ అన్నాడు. వాళ్ళలో ఒకరైన పద్దెనిమిదేళ్ళ మేరీ (తర్వాత మేరీ షెల్లీ) ఆ మాట మీద మొదలుపెట్టిన కథే 1818లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’గా వెలువడింది, బైరన్ వైద్యుడు పాలిడోరి రాసిన రక్తపిశాచి కథ 1819లో అచ్చయింది. మేరీ నవలలో ఒక శాస్త్రవేత్త ప్రాణం పోసిన వికృతజీవి గోడకు అవతల నుంచి ఒక కుటుంబం మాటలు వింటూ భాష నేర్చుకుని, ఇంగ్లీషు కవి మిల్టన్‌ను చదివి, తనను ఎందుకు పుట్టించావని సృష్టికర్తను నిలదీస్తాడు. అక్కడికి రాగానే మావాడు, “మావయ్యా, 1931 సినిమాలో వీడికి మాటే రాదు కదా!” అన్నాడు. తెర మీద భయం మిగిలింది గాని ఆ వేదన మిగలలేదని నా అభిప్రాయం.

మర్నాడు అమలాపురం, ఎదుర్లంక, యానాం మీదుగా కోరంగి చేరాం. మడ అడవిలో చెక్కబాట మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలోంచి శ్వాసవేర్లు వేళ్ళలా పైకి పొడుచుకుని ఉన్నాయి. వానకు పడవలు తిప్పలేదు, దానికి నిరాశపడనక్కరలేదు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు ఇది. 1789లోనూ 1839లోనూ ఉప్పెనలు విరుచుకుపడ్డ తీరం. బ్రామ్ స్టోకర్ రాసిన రక్తపిశాచి నవల ‘డ్రాక్యులా’ (1897)లో ఓడ దినచర్య ఘట్టాన్ని ఇక్కడే చదివాను. నావికులు ఒక్కొక్కరే మాయమవుతుంటే కెప్టెన్ తన చేతులను చుక్కానికి కట్టేసుకుని, చనిపోయే దాకా ఓడను వదలడు. ఉత్తరాలు, డైరీలతో నడిచే ఆ నవలను అనుమతి లేకుండా, పేర్లు మార్చి 1922లో జర్మనీలో ‘నోస్ఫెరాటు’ అనే సినిమాగా తీశారు. స్టోకర్ భార్య దావా వేయడంతో ప్రతులను ధ్వంసం చేయాలని కోర్టు ఆదేశించింది. అయినా కొన్ని మిగిలాయి.

చివరి రోజు రాజమహేంద్రవరంలో, గౌతమీ గ్రంథాలయంలో కాసేపు కూర్చున్నాం. రక్తపిశాచుల మాటకొస్తే, మన బేతాళ కథలను రిచర్డ్ బర్టన్ 1870లో ‘విక్రమ్ అండ్ ద వాంపైర్’ పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చాడు. అతనితో స్టోకర్‌కు పరిచయం ఉంది. అంతమాత్రాన డ్రాక్యులా మన బేతాళుడి నుంచి పుట్టాడనడం తొందరపాటే అవుతుంది. బేతాళుడు చిక్కుప్రశ్న అడిగి చెట్టెక్కుతాడే గాని ఎవరి రక్తమూ తాగడు.

ఇలా వెళ్ళదలచినవారు దిండిలో గది కప్పు చూసుకున్నాకే డబ్బు కట్టండి. కోరంగికి మాత్రం జనం రాకముందే, పొద్దున్నే చేరుకోండి.