గ్రీనిచ్‌లో టిప్పు, హార్ట్‌ల్‌పూల్‌లో టేకు ఓడ

లండన్‌లో టిప్పు సుల్తాన్ అనగానే మనవాళ్లందరూ సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి దారి తీస్తారు, తెల్ల సిపాయి మీద పడ్డ చెక్క పులిని చూడటానికి. చూడాల్సిందే, కాదనను. కానీ అక్కడ ఎప్పుడూ జనమే. ఒక పూట మిగిలితే గ్రీనిచ్ వెళ్లి నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఇంకో చెక్క బొమ్మను చూడమంటాను. అది హెచ్.ఎం.ఎస్. శ్రీరంగపట్నం ('సెరింగపటం' అని వాళ్ల ఉచ్చారణ) అనే బ్రిటిష్ యుద్ధనౌక ఫిగర్‌హెడ్, అంటే తెరచాప ఓడల ముందు కొసన బిగించే బొమ్మ.

తలపాగా పెట్టుకుని, పెద్ద పక్షి మీద కూర్చుని, చేత్తో గొడుగు పట్టుకున్న మనిషి. టిప్పు అనే భావిస్తున్నారు. పక్షిని అరబ్బు కథల్లోని రాక్షస పక్షి 'రాక్' అంటారు. నాకైతే టిప్పు సింహాసనం మీద ఉండే హుమా పక్షే గుర్తొచ్చింది. దాని నీడ ఎవరి మీద పడితే వాడు రాజవుతాడని నమ్మకం. పైన గొడుగు ఎందుకో మనకు వేరే చెప్పక్కర్లేదు, అది రాజఛత్రం. ఒరిజినల్ హుమా ఇప్పుడు బ్రిటిష్ రాజకుటుంబం సేకరణలో ఉంది.

1799 మే 4న టిప్పు రాజధాని శ్రీరంగపట్నం కోట ఇంగ్లీషువాళ్ల వశమైంది, టిప్పు చనిపోయాడు. ఇరవై ఏళ్లకు, 1819లో, బొంబాయి డాక్‌యార్డ్‌లో 46 ఫిరంగుల ఫ్రిగేట్ (వేగంగా వెళ్లే తెరచాప యుద్ధనౌక) ఒకటి నీళ్లలోకి దిగింది. దానికి గెలుచుకున్న ఊరి పేరు పెట్టి, ముందు ఓడిన రాజు బొమ్మ బిగించారు. ఆ యార్డ్‌లో ఓడలు కట్టింది పార్సీ వాడియాలు, కలప మలబారు టేకు. ఆ మలబారునే టిప్పు 1792లో ఈస్టిండియా కంపెనీకి వదులుకోవాల్సి వచ్చింది. ఇంత వెటకారం కావాలని చేసి ఉండరు, అయినా అలా కుదిరింది.

ఇందులో మనకూ వాటా ఉంది. ఆ ముట్టడిలో నిజాం సైన్యం ఇంగ్లీషువాళ్ల పక్కనే నిలబడింది. మైసూరు యుద్ధాల్లో పంచుకున్న సీమ జిల్లాలను నిజాం 1800లో కంపెనీకే రాసిచ్చేశాడు. దత్త మండలాలు అంటే అవే. మా కడప వైపు నుంచి వచ్చినవాళ్లు ఆ బొమ్మ ముందు ఒక నిమిషం ఎక్కువే నిలబడతారు.

ఓడను 1873లో విడగొట్టేశారు. అలా విప్పేసిన నౌకల ఫిగర్‌హెడ్లను నేవీ యార్డుల్లో దాచిపెట్టడం అలవాటు కాబట్టే ఇలాంటివి మిగిలాయి.

మ్యూజియంలోకి టికెట్ లేదు. గ్యాలరీలు మారుస్తుంటారు కాబట్టి బొమ్మ ఎక్కడుందో వెళ్లగానే అడగండి. సిబ్బంది ఓపిగ్గా చెప్పారు. పక్కనే ఉన్న కటీ సార్క్ అనే పాత తేయాకు ఓడకు టికెట్ ఉంది, తక్కువేం కాదు. ఓడ కింద వరుసగా బోలెడు ఫిగర్‌హెడ్లు ఉంటాయి కానీ అవి వ్యాపార నౌకలవి. ఫొటోలకు బాగుంటుంది, అంతే.

గ్రీనిచ్‌లో గదుల ధరలు చూసి మేం ఈస్ట్ హామ్‌లో దిగాం. అక్కడ ఇడ్లీ, దోశకు లోటు లేదు, రాత్రి అన్నం కూడా దొరుకుతుంది. వెళ్లడానికి రైళ్లు మారాలి, అదొక్కటే ఇబ్బంది. డీఎల్‌ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే) రైల్లో నేరుగా కటీ సార్క్ స్టేషన్‌కు వెళ్లకుండా ఐలాండ్ గార్డెన్స్‌లో దిగి, థేమ్స్ అడుగున 1902లో తెరిచిన నడక సొరంగం గుండా రండి. దానికి పైసా ఖర్చు లేదు, పిల్లలకు భలే నచ్చుతుంది.

బొమ్మ చూశాక ఓడే చూడాలనిపిస్తే ఇంగ్లండ్ ఉత్తరాన హార్ట్‌ల్‌పూల్ అనే రేవు ఊరు ఉంది. అక్కడున్న హెచ్.ఎం.ఎస్. ట్రింకోమలీ కూడా బొంబాయిలోనే 1817లో కట్టింది, మలబారు టేకే, ముందు తలపాగా బొమ్మే. ఇప్పటికీ నీళ్లలో తేలుతోంది. కింది డెక్‌లో తల వంచుకుని నడవాలి. విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కినవాళ్లకు ఆ ఇరుకు కొత్త కాదు. కింగ్స్ క్రాస్ నుంచి నేరుగా రైలుంది, మూడు గంటల పైమాటే. ముందుగా బుక్ చేసుకోకపోతే ఛార్జీ మోతెక్కిపోతుంది.

ఊరు మాత్రం సాయంత్రానికే సద్దుమణిగిపోతుంది. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో రాత్రి హీటర్ ఆపేశారు, పొద్దున శాకాహారం అంటే టోస్టు, బీన్స్ మాత్రమే. మళ్లీ వెళ్తే న్యూకాజిల్‌లో ఉండి పగలు వచ్చి పోతాను.

పోర్ట్స్‌మత్‌లో ఉన్న నెల్సన్ యుద్ధనౌక హెచ్.ఎం.ఎస్. విక్టరీకి ఏళ్ల తరబడి సాగే మరమ్మతులు జరుగుతున్నాయి. తెరచాప స్తంభాలు, తాళ్లతో నిండుగా ఉన్న పాత యుద్ధనౌక కావాలంటే ప్రస్తుతానికి నా ఓటు హార్ట్‌ల్‌పూల్‌కే.