పక్క బెడ్‌లో ఆ అమ్మాయి

పోయిన నెల నా రెండో కాన్పు తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. పేరు రాయను. గదులు శుభ్రం, అర్ధరాత్రి అడిగినా వేడినీళ్లు ఇచ్చారు, ఆయా మా పిన్నమ్మలా చూసుకుంది. అయినా రెండు స్టార్లే ఇస్తున్నాను.

లేబర్ రూంలో నా పక్క బెడ్‌లో ఏర్పేడు వైపు నుంచి వచ్చిన యానాదుల అమ్మాయి. తొలి కాన్పు. మొగుడు పనిచేసే మామిడితోట యజమాని దగ్గర అడ్వాన్స్ తీసుకుని వచ్చారంట. మంచం కమ్మీ ఎంత గట్టిగా పట్టుకుందో, గోళ్లు తెల్లగా పాలిపోయాయి. "అక్కా, సిస్టర్‌ను పిలువక్కా" అంది. పిలిచాను. సిస్టర్ వచ్చి నా బీపీ చూసింది. "వీళ్ల ఒళ్లు గట్టిది మేడమ్, ఓర్చుకుంటారు. మీరు పడుకోండి" అని వెళ్లిపోయింది. మా అమ్మ నా పక్కనే కూర్చుంది, వాళ్లమ్మను మాత్రం తలుపు బయటే నిలబెట్టారు.

తెల్లారుజామున ఆడపిల్ల పుట్టింది. మత్తు సూది వేయకుండానే కుట్లు వేశారు. ఆ కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది.

"ఒళ్లు గట్టిది" అనే మాట నేను అమెరికా గురించి చదివినప్పుడే చూశాను. 2016లో వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు తెల్లజాతి మెడికల్ విద్యార్థులను, జూనియర్ డాక్టర్లను అడిగితే, నల్లవాళ్ల చర్మం మందమనేలాంటి అబద్ధాల్లో కనీసం ఒకటైనా దాదాపు సగం మంది నమ్మారు. అలా నమ్మినవాళ్లు నల్లవాళ్ల నొప్పిని తక్కువగా లెక్కగట్టారు. 2021లో ఆ దేశంలో ప్రతి లక్ష జననాలకు నల్లజాతి తల్లులు 69.9 మంది చనిపోతే, తెల్లజాతి తల్లులు 26.6 మంది. సముద్రం అవతల మాట మన ఊరి సిస్టర్ నోట వింటే ఒళ్లు జలదరించింది.

ఇక నా సంగతి. మొదటిది మామూలు కాన్పే. ఈసారీ బిడ్డ గుండె చప్పుడు బాగుందన్నారు. అంతలోనే "మీరు నొప్పులు పడలేరు మేడమ్" అని థియేటర్‌కు తీసుకెళ్లారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగే కాన్పుల్లో నూటికి 63 ఆపరేషన్లే. నాకు అక్కర్లేని కోత పెట్టారు, ఆమెకు కావాల్సిన సూది ఇవ్వలేదు. ఇద్దరినీ అడిగినవాళ్లు లేరు.

డిశ్చార్జి రోజు ఫిర్యాదు పుస్తకం అడిగి తీసుకుని రెండు పేజీలు రాశాను. కింద ఆ అమ్మాయి వేలిముద్ర కూడా వేయిద్దామని వెళితే, వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, "వద్దు తల్లీ, మళ్లీ ఇక్కడికే రావాల్సొస్తే ఎట్లా" అంది.