పికప్ వెనక లైట్లకు టెస్ట్ ల్యాంపు: ఫిలమెంట్‌దే ఎందుకు కొనాలి

పికప్ బండికి వెనక లైటు ఆరిపోతే ముందు బల్బు మారుస్తారు, తర్వాత హోల్డరు, అదీ కుదరకపోతే వైరింగ్ కిట్టే మార్చేస్తారు. అలా పోయే డబ్బు ముందు, వైరులో కరెంటు వస్తోందో లేదో చూపే 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు ధర ఒక లెక్క కాదు. ఒక చివర సూది, పిడిలో చిన్న బల్బు, రెండో చివర మొసలి క్లిప్పు, అంతే వస్తువు. ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో ఫిలమెంట్ బల్బుదీ, ఎల్‌ఈడీదీ రెండూ దొరుకుతాయి. వెనక లైట్ల పనికి ఫిలమెంట్‌దే తీసుకోండి.

ఎల్‌ఈడీ వెలగడానికి కొన్ని మిల్లీ ఆంపియర్లు చాలు. వైరు పై తొడుగు (జాకెట్) లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఒక్క పోగు మిగిలినా అది వెలుగుతుంది. మల్టీమీటరుదీ అదే కథ: 12.4 వోల్టులు చూపిస్తుంది, బల్బు పెడితే మాత్రం వెలగదు. 5 వాట్ల ఫిలమెంట్ టెస్టరు దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది. టెయిల్ ఫిలమెంట్ లాగేదీ అంతే. కాబట్టి టెస్టరు నిండుగా వెలిగితే ఆ వైరు టెయిల్ లైటును మోస్తుంది, గుడ్డిగా వెలిగితే దారిలో ఎక్కడో చిలుము ఉంది. బ్రేకు ఫిలమెంట్ 21 వాట్లు, దానికి 1.75 ఆంపియర్లు కావాలి. ఆ వైరు చూడటానికి ఒక హోల్డరుకు రెండు వైర్లు అతికించి 21 వాట్ల బల్బు పెట్టుకుంటే ఇంకా నికరంగా తెలుస్తుంది.

ఈ టెస్టరు తన విలువ చూపించేది ఎర్త్ దగ్గర, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి దగ్గర. పార్కింగ్ స్విచ్ ఆపి ఉండగా బ్రేకు తొక్కితే మీటరు బోర్డు లైట్లు మసకగా వెలుగుతుంటాయి. లేదా ఇండికేటర్ వేస్తే అటు టెయిల్ లైటు కూడా కొట్టుకుంటుంది. చాలామంది స్టీరింగ్ కింది స్విచ్చును అనుమానించి డాష్‌బోర్డు విప్పేస్తారు. తప్పు వెనక ఉంటుంది. ఫిలమెంట్ లైట్లున్న పికప్పుల్లో వెనక సాధారణంగా ఉండేది రెండు ఫిలమెంట్ల పి21/5డబ్ల్యూ బల్బు, రెండింటికీ ఎర్త్ ఒక్కటే. ఆ ఎర్త్ తెగితే బ్రేకు ఫిలమెంట్‌లోకి వచ్చిన కరెంటు టెయిల్ ఫిలమెంట్ గుండా వెనక్కి మళ్లి పార్కింగ్ వైరు పట్టుకుంటుంది. మీటరు బోర్డు వెలుగు కూడా ఆ వైరు మీదే ఉంటే అక్కడ తేలుతుంది.

చూసే పద్ధతి ఇది. క్లిప్పును బ్యాటరీ ప్లస్‌కు పెట్టి, సూదిని హోల్డరు లోపలి ఇనుప గోడకు ఆనించండి. నిండుగా వెలగాలి. తర్వాత మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, బ్రేకు తొక్కి ఉంచి, హోల్డరు ఎర్త్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలవండి. 0.2 వోల్టుల లోపుంటే మంచిది. 0.5 దాటితే ఎర్త్ బోల్టు విప్పి, పెయింటూ తుప్పూ పోయేదాకా ఎమెరీ షీటుతో రుద్ది, స్టార్ వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూయండి. బిగించకముందు గ్రీజు దట్టంగా పూస్తే పట్టు సరిగా రాదు. హోల్డరు అడుగున స్ప్రింగ్ కాంటాక్టునూ చూడండి. నల్లబడి కిందికి కుంగి ఉంటే, బల్బు కొస సీసం బొడిపె చదునైపోయి ఉంటే, కొత్త బల్బు కూడా నాలుగు రోజులే.

టెయిల్ లైట్లు, నంబరు ప్లేటు లైటు, మీటరు వెలుగు ఒకేసారి పోతే, హెడ్‌లైటు బాగుంటే, ముందు పార్కింగ్ ఫ్యూజు. ఊడదీయక్కర్లేదు: ఫ్యూజు నెత్తి మీద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, క్లిప్పును బాడీకి పెట్టి, స్విచ్ వేసి రెండూ తాకండి. ఒక్క చుక్క దగ్గరే టెస్టరు వెలిగితే ఫ్యూజు పోయింది. రెండు చోట్లా వెలగకపోతే స్విచ్ నుంచే సప్లై రావడం లేదు. కొత్త ఫ్యూజు వేసిన వెంటనే కాలితే పెద్దది వేయకండి, సిగరెట్ రేకు చుట్టడం అసలే వద్దు, కిట్టు మొత్తం కాలుతుంది. ఆ సర్క్యూట్ బల్బులన్నీ తీసి, మీటరు కప్లరు (వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీసి, ఫ్యూజు తీసిన గుంటల్లో టెస్టరు రెండు కొసలూ పెట్టండి. ఇంకా వెలుగుతోందంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. రబ్బరు గుండీ ఊడిన ఛాసిస్ రంధ్రం, స్టెప్నీ పైభాగం, డాలా (వెనక సరుకు తొట్టి) తలుపు కీలు, అలంకారానికి వేసిన లైట్ల టేపు జాయింట్లు ఒక్కొక్కటీ కదపండి. ఆరిన చోటే తప్పు.

లోపాలూ ఉన్నాయి. వైరు పొట్టి, బ్యాటరీ నుంచి వెనక్కి అందదు, అయిదారు మీటర్ల వైరు కలపాల్సిందే. సూదితో జాకెట్ పొడిస్తే ఆ బెజ్జంలోంచి నీరు దిగి అక్కడే చిలుము పడుతుంది, కప్లరు వెనక నుంచి ఆనించడం మేలు. ఎయిర్‌బ్యాగ్ పసుపు కప్లర్లకూ, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) వైర్లకూ ఈ టెస్టరు తాకించనే కూడదు.

మీటరు బోర్డు లోపలి పనికి ఇది పెద్దగా పనికిరాదు. అక్కడుండేవి తిప్పి బిగించే చిన్న బల్బులు, పాత బోర్డుల్లో చాలావరకు 1.2 వాట్లవి. తీసి బ్యాటరీ మీద పెట్టి చూడటమే సులువు. ఛార్జింగ్ గుర్తు బల్బును మాత్రం ఎల్‌ఈడీతో మార్చకండి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్లలో చాలావాటికి తొలి కరెంటు అందేది ఆ బల్బు గుండానే. బల్బులు పదే పదే మాడుతుంటే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద కొలవండి: 13.8 నుంచి 14.4 వోల్టులు మామూలు, 15 దాటితే ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరు చూపించాలి.

కొనేటప్పుడు క్లిప్పు మూత వెనక్కి లాగి చూడండి. వైరు నొక్కి వదిలేసి ఉంటే ఇంటికెళ్లగానే సీసం పోయించండి. వాడే ముందు ప్రతిసారీ బ్యాటరీ మీద ఒకసారి వెలిగించి చూసుకోండి.